జెట్టులో పెట్టిన తీగ

తొంభైలలో నేను గల్ఫ్‌లో, అల్ రయ్యాన్ అనే ఊళ్ళో ఒక అరబ్బు పెద్దాయన ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా పనిచేశాను. మాది కడప పక్క పల్లె. ఆయన్ని అందరం బాబా అనేవాళ్ళం. వాడుకకు నాలుగు కార్లున్నా, ఆయన ప్రాణమంతా తాను పుట్టకముందే తయారైన ఒక ముసలి కారు మీదే.

ఒకసారి ట్యాంకు నింపితే అది ఎక్కడో దూరాన ఉన్న అల్ రువైస్ ఊరికి పోయి తిరిగి రావాలని ఆయన పంతం. నేను చేరకముందు అలా వచ్చిందట. పెట్రోలుకు కరువు లేని దేశంలో ఈ పట్టుదల ఏమిటని అడిగాను.

"దీన్ని చేసినవాళ్ళు ఒక్కో చుక్క మిగిల్చేందుకు ఎంత అవస్థపడ్డారో! వాళ్ళ కష్టం వృథా కావద్దు," అన్నాడు హిందీలో.

ఒక శుక్రవారం ట్యాంకు నింపి బయల్దేరాం. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాం. తిరుగుదారిలో ఎడారి మధ్య ఇంజను దగ్గి ఆగిపోయింది. బాబా ట్యాంకులో కొలకర్ర ముంచి తీశాడు. పొడిగా ఉంది.

"మాఫీ బెట్రోల్," పెట్రోలు లేదని అరబ్బీలో అన్నాడు, బిడ్డకు జ్వరమొచ్చినంత దిగులుగా.

లారీ వెనక కట్టి ఇంటికి తెచ్చాం. వంటపని చేసే కాకినాడ అక్క బయటికొచ్చి పొగగొట్టం చూసింది.

"ఏంటి తమ్ముడూ, ఇంత మసి పట్టింది? మా ఇంట్లో కిరసనాయిలు స్టవ్వుని పిన్నుతో గట్టిగా పొడిచేస్తే ఇలాగే పొగ చిమ్మేది."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. నెల కిందట కార్బొరేటర్ విప్పినప్పుడు, పెట్రోలు చిమ్మే చిన్న ఇత్తడి జెట్టు మూసుకుపోయిందని ఇనుప తీగతో పొడిచాను. మెత్తటి ఇత్తడి కదా, రంధ్రం పెద్దదైపోయి ఉంటుంది. గాలికి మించి పెట్రోలు పోతోంది. ముందు అక్కకే చెప్పుకున్నాను.

"ఏం చేద్దామక్కా?"

"ఏముంది, బాబాకు చెప్పేయ్. ఆయన మంచోడు."

చెప్పాను. బాబా జెట్టు విప్పించి, వెలుతురుకు పెట్టి, ఒక కన్ను మూసుకుని చూశాడు. తర్వాత నవ్వాడు.

"నీ వయసులో నేనూ ఇదే చేశాను. పడవ ఇంజను. మా నాన్న మూడురోజులు నాతో మాట్లాడలేదు."

"మీరు మాట్లాడతారా బాబా?"

"మాట్లాడకపోతే దీన్ని బాగుచేసేదెవరు? యల్లా, పద!"

వారమంతా సాయంత్రాలు అదే పని. రంధ్రాన్ని టంకంతో పూడ్చి, వెంట్రుకంత సన్నని డ్రిల్లుతో మళ్ళీ తొలిచాం. మొదటిది మరీ చిన్నదై బండి ఎక్కిళ్ళు పెట్టింది. ఇంకోటి పెద్దదైంది. చివరికి స్పార్క్ ప్లగ్గు మొన నలుపు పోయి లేత ఇటుక రంగుకొచ్చింది. పెట్రోలు సరిగ్గా మండుతోందన్నమాట. బాబా ఆ ప్లగ్గును రుమాల్లో పెట్టుకుని ఇల్లంతా చూపించాడు.

మరుసటి శుక్రవారం మళ్ళీ అల్ రువైస్ పోయొచ్చాం. ఎక్కడా ఆగలేదు. గేటు లోపలికి రాగానే ఆయన కర్ర ముంచి తీసి, తడిసిన మేరను బొటనవేలితో పట్టుకుని, ఇంకా ఎంత మిగిలిందో అక్కకు చూపించాలని వంటింటి వైపు నడిచాడు.

అక్క బియ్యం కడుగుతూ తలెత్తింది. "అయ్యో, పెట్రోలు కంపు! బయట పెట్టండి బాబా!" అంది తెలుగులోనే.

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మెచ్చుకుందనే అనుకున్నాడు.