పర్లేదు అంటే

ఉదయం పదకొండు గంటలకు సింగరాయకొండ దాటాక హైవే మీద దిగాం. వాన ఆగింది. గాలి ఆగలేదు. రోడ్డుకు పడమరగా కంటికి ఆనినంత దూరం గోధుమరంగు నీళ్ళు. ఆ నీళ్ళ అడుగున పత్తి చేలు, మిరప తోటలు ఉన్నాయని నాకు తెలుసు. మా వాళ్ళకు అది సముద్రంలాగే కనిపించింది.

నేను హవల్దారును. మా ఇల్లు నల్లపాడులో. తుఫాను సహాయానికి పంపిన దళంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మా జట్టు నలుగురం. లెఫ్టినెంటు, రేడియో ఆపరేటరు, బోటు నడిపే సిపాయి, నేను. సామాను ఒక రబ్బరు బోటు, మోటారు, నాలుగు తెడ్లు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు.

లెఫ్టినెంటు కొండ ప్రాంతం కుర్రాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. సొంతంగా జట్టును నడపడం అదే మొదటిసారి. బూట్లు మా అందరి కన్నా శుభ్రంగా ఉండేవి. అవసరమైన దానికంటే కాస్త గట్టిగా ఆర్డర్లు ఇచ్చేవాడు. నన్ను ఉస్తాద్ అనేవాడు. ట్రక్కులో వస్తూ తెలుగు మాటలు అడిగాడు. 'రండి', 'భయం లేదు' నేర్పాను. మూడోది నేను నేర్పలేదు. దారిలో నేను టీ కొట్టువాడితో మాట్లాడుతుంటే విని పట్టుకున్నాడు. 'పర్లేదు'. ఒక్క మాటతో అంతా సరిపోతుంది కదా ఉస్తాద్ అని సంబరపడ్డాడు.

పత్తి చేల మీద బోటు నడపడం ఏ శిక్షణలోనూ లేదు. మోటారు రెక్కకు మొక్కలు చుట్టుకునేవి. ఆపడం, పైకెత్తడం, కత్తితో కోయడం. మళ్ళీ వంద గజాలు. ఒకచోట కరెంటు స్తంభానికి గుద్దుకున్నాం. డాబా మీద కూర్చున్న పెద్దాయన అంతా చూసి, "ఏందయ్యా, పడవ తోలటం ఇయ్యాలే నేర్చుకుంటన్నారా?" అన్నాడు. ఆయన్ని ఎక్కించుకుంటే దారంతా సిపాయికి ఎటు తిప్పాలో చెబుతూనే ఉన్నాడు. సిపాయికి తెలుగు రాదు. అయినా ఆయన చెప్పినట్టే తిప్పాడు.

ఆ పక్క కాలనీలో చివరి ఇల్లు వచ్చేసరికి మోటారు మళ్ళీ ఆగింది. నేను వెనక వంగి రెక్కకు చుట్టుకున్నది కోస్తున్నాను. బోటులో అప్పటికే ఏడుగురు ఉన్నారు. డాబా మీద ఒకావిడ నిలబడి ఉంది. లెఫ్టినెంటు తనకొచ్చిన తెలుగుతో తానే ఆవిడతో మాట్లాడాడు. మోటారు అందుకుంది. కదిలిపోయాం. కాలనీ క్లియర్ అని అతను రేడియోలో చెప్పాడు.

హైవే మీద అందరినీ దించాక ఎవరో టీ ఇచ్చారు. చివరి డాబా మీద ఆవిడ ఎందుకు రాలేదని అడిగాను.

"పర్లేదు అంది," అన్నాడు లెఫ్టినెంటు.

"ఎన్నిసార్లు అడిగారు సాబ్?"

"ఒకసారి. నవ్వుతూనే చెప్పింది ఉస్తాద్."

మా ఇళ్ళలో భోజనాల సంగతి చెప్పాను. చుట్టం ఆకు ముందు కూర్చుంటాడు. ఇంకొంచెం అన్నం అంటే పర్లేదు అంటాడు. రెండోసారీ అదే అంటాడు. ఆ మాట విని గిన్నె తీసుకెళ్ళిపోయిన ఇల్లాలి గురించి బంధువుల్లో ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. పర్లేదు అంటే అక్కర్లేదని కాదు సాబ్, మిమ్మల్ని ఇబ్బంది పెట్టలేనని.

అతను టీ కప్పు కింద పెట్టాడు. తర్వాత రేడియో ఆపరేటరు చేతిలోంచి మైకు తీసుకున్నాడు. పై అధికారితో ఆ మాటలు హిందీలో జరిగాయి. నాకు గుర్తున్నంతలో ఇవి.

"వెనక్కి వెళ్ళడానికి అనుమతి కావాలి. ఓవర్."

"ఆ కాలనీ క్లియర్ అని మీరే చెప్పారు. తర్వాతి పల్లెకు వెళ్ళండి. ఓవర్."

"చెప్పాను సర్. అది తప్పు రిపోర్టు. నేను సరిగ్గా అడగలేదు. సరిచేసి వస్తాను. ఓవర్."

కాసేపు గరగర శబ్దం. "పైన చెరువు కట్ట జారుతోంది. చీకటి పడక ముందు హైవే మీద ఉండాలి. అవుట్."

సిపాయీ, రేడియో ఆపరేటరూ విన్నారు. బోటు తోశారు. మొక్కలు చుట్టుకుని మళ్ళీ ఆగుతుందని ఆ పూట మేం మోటారు వాడలేదు. నలుగురం తెడ్లు వేశాం. అతను ముందు కూర్చుని అందరికన్నా గట్టిగా వేశాడు. ఒక్క ఆర్డరూ ఇవ్వలేదు.

కిటికీల దాకా ఉన్న నీళ్ళు అప్పటికే పైకి పాకాయి. ఈసారి అతను అడగలేదు. మెట్ల మీద దిగి, డాబా ఎక్కి, ఆమెకు నమస్కారం పెట్టి, చుట్టూ చూశాడు. డాబా మూల చిన్న గదికి అడ్డంగా టార్పాలిన్ పట్టా కట్టి ఉంది. దాన్ని పక్కకు జరిపాడు. లోపల పత్తి మూటల మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు.

ఆమె మరియమ్మ. ఆయన భర్త ఏసోబు. చీమకుర్తి క్వారీలో రాయి దొర్లి నడుం పోయింది. కాళ్ళు కదలవు.

"ఇందాకే చెప్పొచ్చుగదమ్మా," అన్నాను.

"ఆయన్ని మొయ్యాలంటే నలుగురు కావాలయ్యా. మీరే నలుగురాయె. ఇంక పడవెవరు పట్టుకుంటారు? బోట్లో చంటిపిల్లలు గూడా ఉండిరి."

"నువ్వెక్కి పో, నేనిక్కడే ఉంటానని దానికి చెప్పా," అన్నాడు ఏసోబు గదిలోంచి. "వినలా. పెళ్ళైన కాణ్ణుంచీ నా మాట వింటేగదా."

లెఫ్టినెంటుకు అంతా హిందీలో చెప్పాను. అతను పట్టా విప్పి ఏసోబు కిందకు జరిపాడు. తల వైపు ఒక కొస తను పట్టాడు. రెండోది నేను. కాళ్ళ వైపు రేడియో ఆపరేటరు. సిపాయి బోటును మెట్లకు ఆనించి పట్టుకున్నాడు. నాలుగో కొస మరియమ్మ పట్టింది. తడిసిన మెట్లు. ఒక్కో మెట్టు దగ్గరా లెఫ్టినెంటు ఆగి, "భయం లేదు" అనేవాడు. ఎవరితో అంటున్నాడో తెలియదు.

వెలుతురు ఉండగానే హైవే చేరాం. ఆ తర్వాత కట్ట తెగింది. మర్నాడు వెళ్ళి చూస్తే ఆ డాబా మీద మోకాలి లోతు బురద. పత్తి మూటలు కొట్టుకుపోయాయి.

నీళ్ళు తీశాక తిరుగు ప్రయాణం. పొలాల్లో పత్తికాయలు నల్లబడి వేలాడుతున్నాయి. ట్రక్కులో రేడియో ఆపరేటరు మూలకు ముడుచుకుని కూర్చున్నాడు. ఎలా ఉందంటే బాగానే ఉంది సాబ్ అన్నాడు. లెఫ్టినెంటు అతని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. తన కోటు విప్పి కప్పాడు. ట్రక్కు ఆపించి మందు తెప్పించాడు.

ఆర్మీ వదిలాక పత్రికలో చేరాను. జిల్లా పేజీకి వార్తలు రాస్తాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ అడుగుతుంటారు, చేతి కింద నలుగురు ఉంటే వాళ్ళను ఎలా నడపాలని. నాకు ఉపన్యాసం రాదు. ఆ రోజు సంగతి చెబుతాను. చెబుతున్నంతసేపూ నా కళ్ళ ముందు ఉండేది నీళ్ళు కాదు, బోటు కాదు. ఆ సాయంత్రం బడి వరండా.

ఆ బడిలోనే పెట్టిన సహాయ శిబిరంలో భోజనాలు జరుగుతున్నాయి. ఊరికే కూర్చోలేక మరియమ్మ వంటవాళ్ళ చేతిలోంచి గరిటె తీసుకుంది. అందరూ తిన్నాక చివరి బంతిలో లెఫ్టినెంటు కూర్చున్నాడు. పొద్దున్నించి అతని కడుపులో పడింది టీ ఒక్కటే. మొదటిసారి వడ్డించింది క్షణాల్లో అయిపోయింది. ఆమె మళ్ళీ వచ్చింది. గిన్నెలో అడుగున కాస్తే ఉంది. అతను చూశాడు. విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"పర్లేదమ్మా," అన్నాడు తెలుగులో.

ఆమె రెండోసారి అడగలేదు. వంగి, ఎడమ చేత్తో అతని మణికట్టు పట్టుకుని, ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపి, అన్నం వడ్డించింది.