బొల్లాపల్లి వెళ్లొచ్చిన పిల్ల

ఖాతూన్ బీ దూది బస్తాను పైపైన చూసి కొనేది కాదు. మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగు దూది బయటికి లాగి, వాసన చూసేది. నరసరావుపేటలో పరుపులు కుట్టే దూదేకుల ఇళ్లలో ఆమెను మోసం చేసిన వ్యాపారి లేడు. కొడుకూ కోడలూ పరుపుల పనికి మాచర్ల వైపు వెళ్తే మనవరాలు మున్నీ ఆమె దగ్గరే ఉండేది.

ఎనభై నాలుగు ఎండాకాలంలో మున్నీ బస్తాల మీద నుంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. వేళ్లు చల్లబడుతున్నాయి. ఆలస్యం చేస్తే చెయ్యి దక్కదని, మత్తిచ్చి వెంటనే ఎముక సరిచెయ్యాలని ఆసుపత్రిలో ఎముకల డాక్టరు చెప్పాడు.

మత్తు అనేసరికి ఖాతూన్ బీ మొహం ముడుచుకుపోయింది. పక్కింటి షౌకత్‌కు చిన్నప్పుడు మత్తిచ్చి కడుపు కోశారు. ఇప్పుడు మీసాలొచ్చినా, కత్తెర తెమ్మంటే దారం తెస్తాడు. అది మత్తు వల్లేనని ఆ వీధి నమ్మకం.

మత్తు డాక్టరు శివరామయ్య వచ్చి, పిల్లకు ఇంతకుముందు జబ్బులేమైనా చేశాయా అని అడిగాడు.

"ఏం లేవయ్యా."

"కామెర్లు?"

"లేవన్నాగా."

వచ్చాయి, పోయిన నెలలోనే. వినుకొండ పక్క బొల్లాపల్లి దగ్గర పసరు పోసే ముసలాయన ఒక షరతు పెట్టాడు. పత్యం విడిచేదాకా ఇంట్లోవాళ్లెవరూ ఆ జబ్బు పేరు పలకకూడదు, పలికితే తిరగబెడుతుంది. పత్యం ఇంకా నడుస్తోంది.

శివరామయ్య మున్నీని కిటికీ దగ్గరికి నడిపించి కంటి రెప్ప లాగి చూశాడు. పచ్చగా ఉందనడానికి లేదు, తెల్లగా ఉందనడానికీ లేదు.

"నిజం చెప్పమ్మా."

"ముందు నీ మందేందో చెప్పు. పీల్చేదా, పొడిచేదా?"

"పీల్చేది. లివర్ బాగుంటే భయం లేదు. కామెర్లొచ్చిన లివర్‌ను అది ఇంకా చెడగొట్టొచ్చు. లివర్ చెడితే ఒంట్లో విషం మెదడుకెక్కుతుంది. చిన్నపిల్ల. లేచినా ఎట్లా లేస్తుందో నేను చెప్పలేను."

బెదిరిస్తున్నాడా? చేతగాక తప్పించుకుంటున్నాడా? ఆయన మొహంలో ఏమీ దొరకలేదు. ఖాతూన్ బీ మున్నీ వేళ్లు పట్టుకు చూసింది. ఇందాకటికంటే చల్లగా ఉన్నాయి.

"ఏందమ్మా, పిల్ల అల్లాడతంటే నీకు పంతమా?" అంది నర్సు ప్రేమమ్మ.

ఖాతూన్ బీ ఆమె వైపు తిరిగింది. "నీదేవూరమ్మాయ్?"

"వినుకొండ. ఇప్పుడు నా ఊరెందుకు?"

"అయితే నీకెరికే. పోయిన నెల పిల్లను తీసుకొని బొల్లాపల్లి ఎల్లొచ్చాం."

ప్రేమమ్మ చేతిలో పని ఆగింది. "పసరు పోయించారా?"

ఖాతూన్ బీ తలూపింది. "పేరు నేనెత్తలా. నువ్వే సాక్ష్యం."

"కామెర్లే సార్," అంది ప్రేమమ్మ. "అక్కడికి పోయేది దానికే."

శివరామయ్య పీల్చే మందు పక్కన పెట్టించాడు. చంకలో సూది వేసి చెయ్యి ఒక్కటే మొద్దుబారేట్టు చేస్తానని, పిల్ల మేలుకునే ఉంటుందని అన్నాడు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వు చెప్తేగా నేను చెప్పేది," అన్నాడాయన విసుగ్గా.

ఆమె పట్టుబట్టి లోపలికి వెళ్లి మున్నీ తల దగ్గర నిలబడింది. సూది పట్టిన చేతి మీద నుంచి చూపు తిప్పలేదు. ఎముకల డాక్టరు చెయ్యి లాగుతుంటే మున్నీ ఏడవలేదు. "నాయనమ్మా, నా చెయ్యేదీ?" అని మాత్రం అడిగింది. కట్టు కట్టేలోగా వేళ్లకు వేడి తిరిగింది.

రక్త పరీక్షకు పంపి, పిల్ల పొంతన లేకుండా మాట్లాడినా, మగతగా పడుకున్నా వెంటనే చెప్పమన్నాడు శివరామయ్య. ఖాతూన్ బీ మంచం పక్కనే కూర్చుంది.

"మీ అమ్మ పేరేందే?"

"జరీనా."

"ఏడికి పోయింది?"

"మాచర్లకి. ఎన్నిసార్లు అడుగుతావే? నిద్రొస్తంది నాకు."

ఆమె ఉలిక్కిపడి ప్రేమమ్మను కేకేసింది. ప్రేమమ్మ వచ్చి, పిల్లను పలకరించి, కళ్లలోకి చూసింది. "బానే ఉంది. పొద్దుటినుంచీ ఏడ్చింది, నిద్ర రాదా? పడుకోనీ."

ప్రేమమ్మ అటు తిరగ్గానే ఖాతూన్ బీ మనవరాలి అరికాలు గిల్లింది. మున్నీ కళ్లు తెరవకుండానే తిట్టి, కాలు ఝాడించి తన్నింది. తన్ను గట్టిగానే తగిలింది.