జర్మన్ కారులో పోసిన పాలు

రియాద్‌లో నేను పనిచేసిన షోరూమ్ అమెరికా లగ్జరీ కార్లది. రోడ్డుకు అవతలి పక్కన వరసగా జర్మన్ కార్ల షోరూములు. ఇక్కడి డబ్బున్నవాళ్లకు తండ్రుల కాలం నుంచీ ఆ జర్మన్ బండ్లే అలవాటు. వాటిని పక్కకు నెట్టి మా బండి అమ్మాలని మా మేనేజర్ పంతం. నా పని తుడవడం, పాలిష్ పట్టడం. జగిత్యాలలో బీరువాలకు రంగు కొట్టే షెడ్డులో కుదిరిన చెయ్యి నాది.

ఒకసారి పెద్ద గిరాకీలను పిలిచి, రెండు కార్లూ పక్కపక్కన పెట్టి నడిపించి చూపాలనుకున్నారు. జర్మన్ కారొకటి అద్దెకు తెచ్చారు. ముందురోజు మధ్యాహ్నం మా సూపర్‌వైజర్ నా చేతిలో పాల డబ్బా పెట్టాడు. హైదరాబాద్ మనిషి.

"ఎనక సీటు కాడ కార్పెట్ లేపి పొయ్యి. అద్దాలు మూసి ఎండల వెట్టు."

"గట్లెందుకు సార్? మన బండి మంచిగనే ఉన్నది గదా."

"నాకెర్క లేదా? మేనేజర్ చెప్పిండు. నీ ఇకామా రెన్యూవల్ కాయితం ఆయన టేబుల్ మీదనే ఉన్నది. సోంచాయించుకో."

పోశాను. నా చేత్తోనే, డబ్బా అడుగంటేదాకా. ఆ ఇకామా కార్డు లేకపోతే ఈ దేశంలో ఉండనివ్వరు.

మర్నాడు ఒక ముసలాయన కొడుకుతో వచ్చాడు. జర్మన్ కారు తలుపు తెరవగానే తలగుడ్డ కొస ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఎండకు ఉడికి విరిగిన పాల కంపు ముక్కులోంచి గొంతులోకి దిగి అక్కడే అంటుకుంటుంది. ఏమిటీ వాసన అని అడిగాడు.

మేనేజర్ గడ్డంతో నన్ను చూపించి నవ్వాడు. "క్షమించండి. వీడు తుడిచాడు. ఈ పనివాళ్లు స్నానం చెయ్యరు" అన్నాడు అరబ్బీలో. నాకు ఆపాటి అరబ్బీ వచ్చు. ముసలాయన నా దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి జరిగాడు.

పొద్దునా సాయంత్రం స్నానం చేసే మనిషిని. వెనక తలుపు తీసి కార్పెట్ పట్టి లాగాను. తెల్లటి గడ్డలు, అంచుల్లో పసుపు.

"హలీబ్" అన్నాను. పాలు అని. "ఈయన పొయ్యమన్నాడు. నేనే పోశాను" అని మేనేజర్‌ను చూపిస్తూ వచ్చీరాని అరబ్బీలో చెప్పాను.

ముసలాయన మేనేజర్‌ను నాలుగు దులుపుతాడనుకున్నాను. పకపకా నవ్వాడు. మేనేజర్ భుజం తట్టి, "సరే, నీ బండి చూపించు" అన్నాడు. నడిపి చూసి మెచ్చుకున్నాడు. మెచ్చుకోదగ్గ బండే. ఆ వారంలోనే కొన్నాడు. దానికి పాలిష్ పట్టింది నేనే. తాళం తీసుకునేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

సూపర్‌వైజర్ మాత్రం నామీద లేచాడు. "కార్పెట్ ఎందుకు లేపినవ్‌రా?"

"నా ఒళ్లు కంపు అన్నడు సార్."

"అంటె అననియ్యి. నీదేం పోయింది?"

ఇకామా రెన్యూవల్ అయింది గానీ, నన్ను దూరాన హుఫూఫ్ అనే ఊళ్లో పాత లారీలు కడిగే షెడ్డుకు మార్చారు. పోయేముందు ఆ అద్దె కారు శుభ్రం చేసే పని కూడా నాకే వేశారు. మూడు రోజులు మోకాళ్ల మీద కూచుని సబ్బుతో, నిమ్మరసంతో రుద్దాను. రెండుసార్లు బయటికి పరుగెత్తి కక్కుకున్నాను. ఆ మేనేజర్ మీద, ముసలాయన నవ్వు మీద, అన్నిటికంటే నా చేతుల మీదే రోత పుట్టింది.

నాలుగో రోజు అద్దె కంపెనీ మనిషి వచ్చాడు. కారులో తల పెట్టి, ఇంకా పోని కంపు ఒకసారి పీల్చి, నన్ను ఎగాదిగా చూశాడు. మలయాళీ కుర్రాడు. తాళం అతని చేతిలో పెట్టాను.