నవాసాగరం పొగ, మూడు తుమ్ములు

నేను దయ్యాలను నమ్మను. ముప్పై ఏళ్లు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, నమ్మితే నామర్దా కూడా. మా ఇందుకూరుపేటలో ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే మధ్యలోనే లేచి వెళ్లిపోయేవాణ్ణి. అయినా ఇదొక్కటి చెప్పక తప్పదు.

అరవైల మొదట్లో నెల్లూరులో పి.యు.సి. చదివాను. మాది ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే కుటుంబం. మా తాత వీధి చివర కొలిమి పెట్టి, కాలిన గిన్నెలో చిటికెడు నవాసాగరం చల్లేవాడు. తెల్లటి పొగ గుప్పుమనేది. వెంటనే మూడుసార్లు తుమ్మేవాడు. రెండు కాదు, నాలుగు కాదు. ఆ తర్వాతే తగరం రుద్దేవాడు.

ఆ నవాసాగరాన్నే కాలేజీలో అమ్మోనియం క్లోరైడ్ అంటారని చెబితే తాత పగలబడి నవ్వాడు. "దాన్ని కనుక్కోను కాలేజీ కావల్నా రా? నా ముక్కు చాలదా!" అన్నాడు. పరీక్షలకు రెండు నెలల ముందు పోయాడు. ప్రాక్టికల్స్ తప్పితే ఆ కొలిమి తిత్తి నాదేనని నాన్న తేల్చేశాడు. నాకు ఆ తిత్తి అంటే హడలు.

పరీక్ష రోజు ఉదయం ఒక్కొక్కరికీ ఒక పొట్లం ఇచ్చారు. అందులో ఉన్నది ఏ లవణమో పరీక్షించి కనిపెట్టాలి. నాది కిటికీ పక్కన ఆఖరి బల్ల, నేనొక్కణ్ణే. గదిలో ఇంకా ఒక్క స్పిరిటు దీపమూ వెలగలేదు. అటెండరు పెంచలయ్య అగ్గిపెట్టె ఎక్కడో పెట్టి మరిచిపోయి వెతుక్కుంటున్నాడు.

అప్పుడొచ్చింది నవాసాగరం పొగ వాసన. ఆ వెంటనే నా వెనక మూడు తుమ్ములు. తిరిగి చూస్తే గోడ.

భయపడి పారిపోవాల్సింది పోయి, సిగ్గులేకుండా కాగితం మీద అమ్మోనియం క్లోరైడ్ అని రాసేశాను.

బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు అది చూశారు. "దీపమే వెలిగించలేదు, జవాబెట్లా వచ్చింది?"

"వాసన సార్" అని నోరు జారాను. వేడి చేయనిదే దానికి వాసన ఉండదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన చూపు పెంచలయ్య మీదికి పోయింది. నచ్చిన పిల్లల చెవిలో అటెండర్లు లవణం పేరు ఊదడం అప్పట్లో మామూలే. పాపం, ఆ మనిషి ముఖం పాలిపోయింది.

"నా బిడ్డల మీద ఒట్టయ్యా, నేనేం చెప్పలే!"

ఎగ్జామినరు తన పెట్టెలోంచి ఇంకో పొట్లం తీశారు. ఇది తప్పితే నేను ఫెయిలు, పెంచలయ్య ఉద్యోగమూ ఉండదన్నారు.

ముక్కు ఎగబీల్చాను. ఏమీ లేదు. తాతా, తాతా అని లోపల్లోపల పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. జీవితం మొత్తానికి ఆయనకు తెలిసిన లవణం అదొక్కటే మరి! నాకు ఏడుపొచ్చింది. నా తిత్తి సంగతి సరే, పెంచలయ్య ఏం పాపం చేశాడు?

అగ్గిపెట్టె పెంచలయ్య జేబులోనే దొరికింది. దీపం వెలిగించి, పొడిని పరీక్షనాళికలో వేసి కాచాను. చిటపటలాడి గోధుమరంగు పొగ లేచింది. మిగతా పరీక్షలు కూడా ఒక్కటీ వదలకుండా చేసి, లెడ్ నైట్రేట్ అని రాశాను. ఎగ్జామినరు రెండు జవాబులకూ టిక్కు పెట్టారు.

బయటికొస్తుంటే పెంచలయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు. గొంతు తగ్గించి అడిగాడు.

"అబ్బయా, పొద్దన నీ బల్లకాడ మూడుసార్లు తుమ్మింది నువ్వేనా?"

నేను కాదు. ఆ తుమ్ముల సంగతి నేను ఎవరికీ చెప్పనూ లేదు.

ఆ రోజు జరిగిందేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. పాఠాలు చెప్పినన్నాళ్లూ, ఏటా నవాసాగరం సీసా మూత తీసి ఒక్క నిమిషం ఆగేవాణ్ణి. సారు జాగ్రత్తపరుడని పిల్లలు అనుకునేవారు. తుమ్ము కోసం ఆగానని వాళ్లకెలా చెప్పను?