నూట తొంభై రోజులు ఆగని పెట్టె

2004వ సంవత్సరం. సికింద్రాబాద్‌లో ఏ మేడ మెట్లెక్కినా ఒక కంప్యూటర్ కోర్సు బోర్డు తలకి తగిలేది. అందరూ అమెరికా కోసం ఏదో ఒకటి చేస్తున్నారు. నేను అమెరికాకీ మనకీ మధ్య గోడలు కట్టేవాడిని. వినడానికి గొప్పగా ఉంటుంది గాని, ఒక్కో గోడ టిఫిన్ బాక్సు అంత ఉండేది.

దాన్ని ఫైర్‌వాల్ రౌటర్ అంటారు. ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటినీ ఒకే ఇంటర్నెట్ లైనుకి కలుపుతుంది, పిలవని వాళ్లు బయటి నుంచి లోపలికి రాకుండా చూస్తుంది. పెద్ద కంపెనీలు విదేశాల నుంచి తెప్పించుకునేవి. చిన్న ఆఫీసులకి నేను బోయిగూడలో నా అద్దె గదిలో కూర్చుని చేసి ఇచ్చేవాడిని. అరచేయంత బోర్డు, దాని మీద ఉచితంగా దొరికే లినక్స్ సాఫ్ట్‌వేర్, చుట్టూ ఒక రేకు డబ్బా. ఫ్యాను లేదు, హార్డ్ డిస్క్ లేదు. తిరిగే భాగం ఏదీ లేదు కాబట్టి దుమ్ముకి చెడిపోవడానికి ఏమీ లేదు. చెడిపోయే భాగం ఒకటి ఉందనీ, అది బోయిగూడలో ఉంటోందనీ అప్పటికి నాకు తెలియదు.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. హార్డ్ డిస్క్ బదులు కెమెరాల్లో వాడే ఫ్లాష్ కార్డు పెట్టేవాళ్లం. దాని మీద పదేపదే రాస్తే అరిగిపోతుంది. అందుకని పెట్టె లేవగానే కార్డులో ఉన్నదంతా మెమరీలోకి తెచ్చుకుని అక్కడి నుంచే నడుస్తుంది. కార్డుకి తాళం వేసి ఉంటుంది. మనం ఏ మార్పు చేసినా అది మెమరీలోనే జరుగుతుంది. ఆ మార్పు నిలవాలంటే తాళం తీసి, కార్డు మీద రాసి, మళ్లీ తాళం వేసి, పెట్టెని ఒకసారి ఆపి, ఆన్ చేసి చూసుకోవాలి. రాయకుండా ఆపితే మార్పు పోతుంది. మొత్తం ఐదు నిమిషాల పని.

ఇందిరక్కది సీతాఫల్‌మండిలో పాత టైపు ఇన్‌స్టిట్యూట్. కంప్యూటర్లు వచ్చాక టైపు మిషన్ల ముందు కూర్చునేవాళ్లు తగ్గిపోతే, ఆవిడ మిషన్లని గోడ వారకి జరిపి అదే బెంచీల మీద ఎనిమిది కంప్యూటర్లు పెట్టింది. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ మొదలుపెట్టింది. అమెరికా డాక్టర్లు రోగి గురించి మాట్లాడి రికార్డు చేసినది ఇక్కడ విని టైపు చేసి పంపడమే ఆ పని. ఏప్రిల్‌లో నేను పెట్టె తీసుకెళ్లి ఆవిడ బల్ల మీద పెడితే, దాని చుట్టూ ఒకసారి నడిచి చూసింది.

"ఏంది తమ్మీ, గింతేనా? నేను బీరువంత వస్తదనుకున్న."

"చిన్నదే గాని గట్టిదక్కా. ఎప్పుడన్నా తేడా చేస్తే ఆపి మళ్లీ పెట్టండి. స్నానం చేయించినట్టే. ఫ్రెష్‌గా లేచి కూర్చుంటుంది."

"మా ఆయనకు సుత గసొంటి స్విచ్ ఉంటే మంచిగుండు."

పక్క బల్ల దగ్గర సత్యవతి గారు నవ్వకుండా కళ్లజోడు మీదుగా చూశారు. విజయనగరంలో స్టెనోగా పనిచేసి, భర్తకి ఇక్కడికి బదిలీ అయితే వచ్చిన మనిషి. మిగతా ఏడుగురూ టైపు చేసినదంతా చివర్లో ఆవిడ చదివి, తప్పులు దిద్దితేనే బయటికి వెళ్లేది. మా వాళ్లదీ శ్రీకాకుళం వైపే కావడంతో నన్ను చూడగానే, "మనూరోడివేనా? అయితే జాగ్రత్తగా చెయ్యి, మన పరువు తియ్యకు," అన్నారు. పరువు బాధ్యత కూడా నా మీద ఉందని అప్పుడే తెలిసింది.

ఇందిరక్కకి పని ఇచ్చింది నగరంలోనే ఆఫీసు ఉన్న ఒక పెద్ద కంపెనీ. అక్టోబర్ ఆఖరు దాకా ప్రయోగాత్మకంగా చూస్తాం అన్నారు. వచ్చిన ఫైలు ఇరవై నాలుగు గంటల్లో తిరిగి వెళ్లాలి. అప్పటిదాకా ఒక్క ఆలస్యం కూడా లేకపోతే మూడేళ్ల ఒప్పందం. ఒక్కటి ఉన్నా లేదు. మూడేళ్లు దొరికితే వెనక గది కూడా తీసుకుని ఇంకో ఎనిమిది మందిని పెట్టాలని ఇందిరక్క. దొరక్కపోతే ఉన్న ఎనిమిది మందీ ఇంకో చోటు వెతుక్కోవాలి. ఈ సంగతి ఆవిడ నాకు మొదటి రోజే చెప్పింది. ముందు చెప్పబోయే తప్పు నేను తెలిసి చేసినది, తెలియక చేసింది కాదు. అందుకే ముందే రాస్తున్నాను.

జూన్‌లో ఆ కంపెనీ తన సర్వర్ మార్చింది. ఇకమీదట ఫైళ్లన్నీ టన్నెల్ గుండానే రావాలి, పోవాలి అంది. టన్నెల్ అంటే ఇంటర్నెట్ మీదే ఇద్దరి మధ్య వేసుకునే రహస్య దారి. దానికి ఒక తాళంచెవి పెట్టెలోనే తయారవుతుంది. దాన్ని అవతలివాళ్లు ఆమోదిస్తేనే దారి తెరుచుకుంటుంది. నా గదిలో కూర్చునే, దూరం నుంచి పెట్టెలోకి వెళ్లి అన్నీ మార్చాను. మధ్యాహ్నానికి దారి తెరుచుకుంది. ఇక కార్డు మీద రాసి, ఆపి, ఆన్ చేసి చూసుకోవాలి.

చూసుకోలేదు. ఒకటి, అక్కడ పని నడుస్తోంది, సాయంత్రం చేద్దామనుకున్నాను. రెండు, దూరం నుంచి ఆపితే, అది లేవకపోతే, సీతాఫల్‌మండి దాకా వెళ్లాలి. ఆటోలో పది నిమిషాలు. మూడో కారణం రాయడానికి సిగ్గుగా ఉంది. లినక్స్ పెట్టె ఆగకుండా ఎన్ని రోజుల నుంచి నడుస్తోందో ఒక కమాండ్ కొడితే చెబుతుంది. అప్‌టైమ్ అంటారు. మా పనివాళ్లకి అదొక మీసం. కరెంటు పోయినా యూపీఎస్ బ్యాటరీ మీద నడిచేది కాబట్టి అప్పటికి డెబ్బై రోజులైంది. ఆపితే సున్నా నుంచి మొదలు. సాయంత్రం కాస్తా మర్నాడైంది, మర్నాడు వచ్చే వారమైంది. నూరు రోజులైనప్పుడు స్నేహితులకి మిఠాయి పెట్టాను. నూట తొంభై రోజులకి దసరా వచ్చింది.

దసరాకి ఆయుధపూజ మామూలే. టైపు ఇన్‌స్టిట్యూట్ రోజుల నుంచీ ఇందిరక్కది ఒకటే పద్ధతి. ఆ రోజు మిషన్లన్నిటికీ విశ్రాంతి. తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, పూలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి. అమెరికాలో దసరా లేదు కాబట్టి ముందే ఆ రోజు ఆడియోలు దింపుకుని, గంటసేపు అన్నీ ఆపి పూజ చేశారు. నా పెట్టెనీ ఆపారు. దానికీ బొట్టు పెట్టారు.

నేను ఊరికి రైల్లో ఉన్నాను. తుని దాటుతుండగా ఫోన్ వచ్చింది.

"తమ్మీ, ఇంటర్నెట్ వస్తుంది గాని కంపెనీది వస్తలేదు."

"ఆపి మళ్లీ పెట్టండక్కా."

"ఆపి పెట్టినంకనే గిట్లయింది."

నా చేతిలో ప్లేటు ఉంది, అందులో ఇడ్లీ ఉంది. రెండూ అలాగే ఉన్నాయి. "ఇంకోసారి ఆపి చూడండి," అన్నాను, ఇంకేమనాలో తెలియక. ఆవిడ నాలుగుసార్లు ఆపి పెట్టింది. పెట్టె నాలుగుసార్లూ శుభ్రంగా స్నానం చేసి, ఏప్రిల్ నెలలో లేచి కూర్చుంది. జూన్ దానికి తెలియదు. తాళంచెవి పోయింది. దూరం నుంచి లోపలికి వెళ్లే నా దారి కూడా జూన్‌లో మార్చినదే, అదీ పోయింది. కొత్త చెవి తయారు చేసినా ఆమోదించాల్సిన వాళ్లు పండక్కి ఆఫీసు మూసేసుకుని వెళ్లారు.

ఆ రోజు పని ఆగలేదు. అరవై రిపోర్టులు టైపయ్యాయి, సత్యవతి గారు అన్నీ చదివి దిద్దారు. అన్నీ గడువులోపే. మామూలు మెయిల్‌లో పంపకూడదు, రోగుల వివరాలు. చివరికి ఇందిరక్క అన్నీ సీడీలో ఎక్కించి, పట్టుచీరలోనే ఆటోలో ఆ కంపెనీ ఆఫీసుకి వెళ్లింది. అక్కడ వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. అతను సీడీని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంట్లో ప్లేయర్ లేదమ్మా అన్నాడట. సినిమా అనుకున్నాడు. ఆవిడే తర్వాత ఇది చెప్పి నవ్వింది. నేను కూడా నవ్వాను. జోకు వస్తే నవ్వడం నాకు అలవాటు, ఎవరిదని చూడను.

ఊరెళ్లినవాణ్ణి పండగ పూటే తిరుగు రైలెక్కి వచ్చాను. కంపెనీ వాళ్లు ఆఫీసు తెరిచాక కొత్త చెవికి ఆమోదం వచ్చింది, దారి తెరుచుకుంది, అరవై రిపోర్టులూ గడువు దాటాక వెళ్లాయి. దాని వెంటే ఆ దారిలో ఒక మెయిల్ కూడా వచ్చింది. రెండు వాక్యాలు. మీ శ్రద్ధకి కృతజ్ఞతలు, ఈ నెలాఖరుతో ముగిస్తున్నాం.

ఇందిరక్క అది రెండుసార్లు చదివింది. తర్వాత నన్ను కూర్చోమంది.

"అయిందేందో అయింది. ఏం తప్పయిందో నాకు సమజ్ అయ్యేటట్టు చెప్పు తమ్మీ."

చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. జూన్‌లో రాయాల్సినది నేను రాయలేదక్కా. అది నోటిదాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం వేరే.

"ఎక్కువ రోజులు ఆగకుండా నడిచిన పెట్టెని ఒక్కసారి ఆపితే అలా అవుతుందక్కా."

"స్నానం చేయించినట్టే అన్నవ్ గద?"

"ఎక్కువ రోజులు నడిచాక కాదక్కా."

ఆవిడ తల ఊపింది. బల్లల వైపు తిరిగి, వినే వాళ్లందరికీ చెప్పింది. "నాకేం ఎరుక. నా చేతులతోనే బంద్ చేసిన."

సత్యవతి గారు టైపు చేయడం ఆపి నా వైపు చూశారు. కళ్లజోడు మీదుగానే. నేను వైర్లు సర్దుతున్నాను. సర్దాల్సిన వైర్లు అక్కడ లేవు.

ఎనిమిది మందీ తలో దారీ వెళ్లారు. ఇందిరక్క పెళ్లికార్డుల డీటీపీ, పిల్లలకి కంప్యూటర్ క్లాసులు పెట్టుకుంది. నా పని బాగానే సాగింది. పెట్టెలు ఇంకా చిన్నవయ్యాయి.

రెండేళ్లు దాటాక సీతాఫల్‌మండి స్టేషన్‌లో సత్యవతి గారు కనిపించారు. హైటెక్ సిటీ వైపు పోతున్నారు, అక్కడ ఉద్యోగం. పొద్దున ఒక ఎంఎంటీఎస్ లోకల్ రైలు, సాయంత్రం ఒక ఎంఎంటీఎస్. ఒకప్పుడు ఇంటి నుంచి ఐదు నిమిషాలు నడిస్తే ఆఫీసు.

"ఏటి బాబూ, కులాసాయేనా? ఒకటడగనా? ఆ వేళ నువ్వు కార్బన్ పెట్టకుండా టైపు చేసీసేవు. అంతే కదా?"

ఫైర్‌వాల్ గురించి ఆవిడకేమీ తెలియదు. నకలు ఉంచకపోవడం అంటే ఏమిటో మాత్రం నాకంటే ముందు నుంచీ తెలుసు. అవునండి అన్నాను.

"ఆవిడకి చెప్పీసేవా?"

"లేదండి."

"చెప్పీ. నేను చెప్తే బాగోదు, నువ్వే చెప్పాల." బండి వచ్చింది. ఎక్కుతూ, "పరువు తియ్యొద్దన్నాను కదా," అన్నారు.

ఆ సాయంత్రమే వెళ్లాను. దారిలో అనుకున్న పెద్ద ప్రసంగంలో మెట్లు ఎక్కేసరికి ఒక్క వాక్యం మిగిలింది. జూన్‌లో రాయాల్సినది రాయలేదక్కా, మీరు ఆపడం వల్ల కాదు. ఇందిరక్క ఒక పెళ్లికార్డులో వరుడి పేరు సరిచేస్తోంది. సరిచేయడం పూర్తయ్యాకే తల ఎత్తింది.

"అంటే బంద్ చేస్తే ఏం కాకుంటుండె?"

"ఏమీ అయ్యేది కాదక్కా. నేను రాసి ఉంటే."

మౌస్ పక్కకి జరిపింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"రెండు దసరాల సంది మిషన్లకు బొట్టు పెడ్తలేను తమ్మీ. ముట్టుకుంటే ఏమైతదో అని."

నేను గోడ వైపు చూశాను. పాత టైపు మిషన్లు బట్ట కప్పుకుని ఉన్నాయి. నా పెట్టె మీద ఒక చీటీ అంటించి ఉంది, ఆవిడ రాతలో. దీనిని ఆపరాదు.

ఆ ఏడు దసరాకి నన్ను రమ్మంది. వెళ్లాను. ముందు పెట్టెలో ఉన్నదంతా కార్డు మీద రాశాను. 2004 దసరా తర్వాత కొత్త చెవితో వేసి, ఒప్పందమే పోయిందని అప్పుడూ రాయకుండా వదిలేసిన టన్నెల్‌తో సహా. చీటీ ఆవిడే పీకింది. స్విచ్ ఆవిడ చేతే ఆపించాను. మిషన్లన్నిటికీ బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, మళ్లీ ఆన్ చేసింది. పెట్టె లేచింది. అన్నీ ఉన్న చోట ఉన్నాయి. టన్నెల్ కూడా లేచి, అవతలివాళ్లని పిలవడం మొదలుపెట్టింది. నిమిషానికోసారి పిలుస్తోంది. ఎత్తేవాళ్లు లేరు.

"అన్నీ వచ్చినయా?" అంది ఇందిరక్క.

"వచ్చాయక్కా," అన్నాను.

ఇప్పుడు ఏ ఆఫీసుకి పెట్టె ఇచ్చినా, ఏ మార్పు చేసినా, యజమానిని పక్కన నిలబెట్టి ఆ స్విచ్ వాళ్ల చేతే ఆపించి, పది లెక్కపెట్టి, వాళ్ల చేతే ఆన్ చేయిస్తాను. ఆ తర్వాతే వాళ్లిచ్చే టీ తాగుతాను. మా పనివాళ్లు కలిసినప్పుడు ఇప్పటికీ ఒకరినొకరు అడుగుతుంటారు, నీ పెట్టె ఎన్ని రోజుల నుంచి ఆగకుండా నడుస్తోంది అని. నిన్ననే ఆపాను అంటాను.