వాసవి బొరుగుల అంగడి, రెండు తూకపు రాళ్లు

కొత్త జిల్లా ఏర్పడిన మరుసటి ఏడు, ఎండలు తగ్గే రోజుల్లో, నన్ను హిందూపురానికి తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా వేసినారు. ఉద్యోగంలో నాకు అదే ఆఖరి పోస్టింగు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్లూ నా కిందికే వచ్చేవి. అంగళ్లలో వాడే కాటాలూ రాళ్లూ పరీక్షించి ముద్ర వేయడం, ముద్ర గడువు దాటినా తూకం తగ్గినా కేసు రాయడం, ఇదీ మా పని. వినడానికి చిన్నదే. కానీ హిందూపురం చింతపండు మండీలో నేను జీపు దిగితే చాలు, చివరి అంగడిదాకా కబురు పోయేది. నా నోరు మంచిది కాదని శాఖలో పేరు. కాదని నేనూ అనను. నోరు మెత్తనైతే ఈ ఉద్యోగంలో ఎవరూ లెక్కపెట్టరు.

చేరిన కొత్తలోనే పెనుకొండ నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. బజారు వీధిలో ఒక బొరుగుల అంగట్లో ఇంకా పడితో కొలిచి అమ్ముతున్నారని. పడి అంటే పాతకాలపు ఇనుప కొలపాత్ర. మా అవ్వ కాలంలో బియ్యం, జొన్నలు, బొరుగులు అన్నీ దాంతోనే కొలిచేవాళ్లు. ఇప్పటి చట్టం దాన్ని ఒప్పుకోదు. బొరుగులైనా సరే, ముద్ర ఉన్న కాటా మీద గ్రాముల్లో తూచే అమ్మాలి. పడి కనబడితే జప్తు చేయాలి.

పోయి చూద్దును కదా, అంగట్లో ముప్పై ఏళ్ల ఆడమనిషి ఒకామె స్టూలు మీద కూర్చుని ఉంది. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన మనిషని చూడగానే తెలిసింది. పేరు వాసవి. అప్పుడే ఒక హోటలామె ఉగ్గాని టిఫిను చేయడానికి బొరుగులు కొనడానికి వచ్చింది. వాసవి పడి ముంచి, పైన గోపురం నిలబడేదాకా పోసి, సంచిలో కుమ్మరించింది. మళ్లీ దోసిలి పట్టి కొసరు కూడా వేసి, "చాలా? ఇంక పో" అని సాగనంపింది.

నేనెవరో చెప్పి పడి ఇమ్మన్నాను. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"నాది. ఇయ్యను."

ఎదురుగా ఉన్న కిరాణా అంగట్లోంచి ఆమె నాయన రంగయ్య శెట్టి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చినాడు. "తప్పయిపాయె మేడం. కాటా లేక కాదు. కరెంటు కాటా కొనిచ్చినా. దాంట్లో అంకెలు ఎగురుతాండాయని ఈమె మూలకేసింది," అన్నాడు. దుమ్ము తుడిచి నేనే దాన్ని వేసి చూసినాను. నిజమే, బొరుగులు తేలిక సరుకు, పైన ఫ్యాను గాలికి అంకె ఒకచోట నిలవలేదు. ఫ్యాను ఆపితే నిలిచింది. కానీ నిలిచినా, ఆ మూడంకెలు చదవడం వాసవికి కష్టమే. "ఆ డబ్బాకీ నాకూ పడదు," అని ఆమె తేల్చి చెప్పేసింది.

చట్టం చట్టమే కాబట్టి, ఇద్దరు సాక్షుల్ని పిలిచి పంచనామా రాయడం మొదలుపెట్టినాను. శెట్టి చేతులు కట్టుకుని నిలబడి, "సరే మేడం. రేపట్నుంచి కాటా కాడ నేనే కూర్చుంటా. పాప పక్కన ఉంటాది, సంచులు కట్టిస్తాది," అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టకుండా, ఆమెకంటూ అంగడి పెట్టించి, తాను రోడ్డుకు అవతల నిలబడిన మనిషి. అయినా ఆ మాటతో అంగడి చేతులు మారిపోయింది.

వాసవికి అది నాకంటే ముందే అర్థమైంది. పడి నా ముందర ఠంగుమని పెట్టింది. చున్నీ సర్దుకుని రోడ్డు దాటి పోయి, నాయన గల్లాపెట్టె ముందర ఎక్కి కూర్చుంది. "నా అంగట్లో నువ్వు. నీ అంగట్లో నేను. సరిపాయె!" అని ఆణ్నించి కేకేసింది. బజారంతా ఫక్కున నవ్వింది. పంచనామా రాస్తూ నవ్వకూడదు గానీ, నాకూ ఆగలేదు. శెట్టి ఒక్కడే నవ్వలేదు. "ఏం చేయమంటారు మేడం? కొన్నేండ్లు కష్టపడి ఈ అంగడి నిలబెట్టుకునింది," అన్నాడు. ఆ గొంతు వింటే నా మనసు చివుక్కుమంది.

జీపులో తిరిగొస్తూ ఆలోచించినాను. ఆమెకు చిక్కు అంకెలతోనే, కొలతతో కాదు. మరి చట్టంలో కరెంటు కాటానే వాడాలని యాడా లేదు. ముద్ర ఉంటే పాత కౌంటర్ కాటా అయినా చెల్లుతుంది. రెండు పళ్లేలు పైకి ఉండి, మధ్యలో పక్షి ముక్కుల్లాంటి రెండు మొనలు ఎదురెదురుగా వస్తే తూకం సరి అని తెలిసే కాటా అది. అంకె చదివే పనే లేదు. ధర్మవరంలో మా శాఖ లైసెన్సు ఉన్న కాటాల రిపేరి ఖాదర్ భాయ్ దగ్గర అలాంటివి దుమ్ము కొట్టుకుని పడి ఉండేవి. పట్టు నూలు తూచే అంగళ్లవాళ్లంతా డిజిటల్‌కు మారిపోయినారు కదా. శెట్టికి ఫోను చేసి ఆ సంగతి చెప్పినాను. మర్నాడే పోయి కొనుక్కొచ్చినాడు. ఖాదర్ భాయ్ దాన్ని విప్పి, శుభ్రం చేసి, అరిగిన రాళ్లలో సీసం నింపి ఇచ్చినాడు.

పెనుకొండలో ముద్రల క్యాంపు పెట్టినప్పుడు వాసవి తన కాటాతో వచ్చి నా పక్కనే కూర్చుంది. ఖాళీ పళ్లేలు సమంగా నిలుస్తాయా, సమానమైన రాళ్లు అటూ ఇటూ మార్చినా తేడా లేదా, చిన్న రాయి వేస్తే పళ్లెం దిగుతుందా అని వరసగా పరీక్షించినాను. ఆ తర్వాత రాయి అడుగున ఉన్న సీసం మీద ముద్ర పెట్టి సుత్తితో కొడుతుంటే ఆమె ఊరుకోలేదు.

"మేడమక్కా, దాన్నెందుకు కొడతాండావు?"

"నిజం చెప్పమని."

"చెప్తాందా?"

"చెప్పకపోతే మళ్లీ కొడతా," అన్నాను. చాలాసేపు నవ్వింది.

తూచడం ఆమెకు తొందరగానే పట్టుబడింది. కానీ పావు కిలోకు ఒకే రాయి ఉండదు. రెండువందల రాయి, యాభై రాయి కలపాలి. దానికి విసుగొచ్చి, అర కిలో రాయి, రెండువందల రాయి ఉంచుకుని మిగిలినవన్నీ గుడ్డలో చుట్టి నాయనకిచ్చేసింది. కిలో అడిగితే ఏం చేస్తావని ఆయన అంటే, "రెండుసార్లు తూస్తా. నీకేం నొప్పి?" అన్నదంట. బజారే దారికొచ్చింది. జనం వచ్చి పెద్ద రాయి బొరుగులు, చిన్న రాయి బొరుగులు అని అడగడం మొదలుపెట్టినారు. రాయి అనేది చట్టంలో కొలమానం కాదని నేను గొణిగి, బోర్డు మీద గ్రాములు రాయించినాను. ముక్కులు కలిసినాక కూడా ఆమె కొసరు మానలేదు. అదీ కేసేనా అని శెట్టి అడిగినాడు. "తక్కువిస్తే కేసు. ఎక్కువిస్తే ఆమె ఇష్టం, మీ ఖర్మ," అన్నాను.

అంతకు ముందు, ఆ క్యాంపు రోజునే ముద్ర సర్టిఫికెట్టు రాసేటప్పుడు, వ్యాపారి పేరు దగ్గర తన పేరు రాయమన్నాడు శెట్టి. రేపు ఏదైనా కేసు వస్తే తన మీదికే రానీమని. నేను వాసవిని అడిగినాను. "నీ పేరు రాస్తే, తప్పొచ్చినప్పుడు నిన్నే పట్టుకుంటా. నాయన్ని కాదు. సరేనా?" ఆమె రాళ్లను తన వైపు జరుపుకుంది. "నన్నే పట్టుకో. అంగడి నాది కదా." అట్లాగే రాసినాను.

కౌంటర్ కాటాకు ముద్ర గడువు రెండేళ్లు. నేను రిటైరయ్యే ముందు చివరిసారి పెనుకొండ బజారు తనిఖీ చేసినప్పుడు, వాసవి కాటాకు గడువు దాటిపోయి ఉంది. మళ్లీ ముద్రల క్యాంపు పెట్టిన రోజు ఆమె కదిరిలో పెళ్లికి పోయిందంట. "మర్చిపోతిని," అన్నది, సాకులేమీ చెప్పకుండా. శెట్టి మళ్లీ రోడ్డు దాటి వచ్చినాడు. "ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు పోండి మేడం. పాప సంగతి మీకు తెలుసు కదా," అని గొంతు తగ్గించి అన్నాడు. నేను వదిలేసినా అడిగేవాళ్లెవరూ లేరు. అయితే అదే వీధిలో, అదే తప్పుకు, పొద్దున్నే పండ్ల అంగడాయనకు నోటీసు ఇచ్చి వచ్చినాను. నేను నోరు తెరిచేలోగా వాసవి కల్పించుకుంది.

"నీ అంగటికి పో నాయనా. మేడమక్క నాతో మాట్లాడతాంది."

ఆయన పోయినాడు. నేను నోటీసు వాసవి పేరునే రాసి, ఆమె చేతికే ఇచ్చినాను. కోర్టుకు పోకుండా శాఖలోనే కట్టే అపరాధ రుసుము అని వివరించినాను. ముఖం మాడ్చుకుని వినింది. నిదానంగా సంతకం పెట్టి, తన గల్లాలోంచి తీసి కట్టింది. "ఇంత కోపం ఎందుకు నీకు?" అని నన్నే ఒక మాట అని, రాళ్లు యాడికి తేవాల, ఎప్పుడు తేవాల అని అడిగింది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో జాలిపడి వదిలేసిన కేసులు నాకూ ఉన్నాయి. వాటి వల్ల ఎవరికీ మేలు జరగలేదని చెప్పను. కానీ ఆ రోజు వాసవి మీద కేసు వదిలేసి ఉంటే, సర్టిఫికెట్టులో ఏ పేరున్నా, ఆ అంగడి రంగయ్య శెట్టిది అయ్యుండేది.