రెండు వందల నాలుగో గది వాళ్లు

సామర్లకోట బజారులో కుక్కుటేశ్వరరావు గారిది స్టీలు సామాన్ల కొట్టు. ఎదురుగా నాది మందుల షాపు. ముప్ఫై ఏళ్లుగా ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ షట్టర్లు తీస్తున్నాం. అందుకే ఆయన చేసిన పనికి అందరికంటే ముందు నేనే మొహం చిట్లించాను. భార్య రాజరాజేశ్వరి గారు పోయి ఐదు నెలలే అయింది. ఆషాఢం వచ్చేసరికి పెద్దమనిషి బట్టలు సర్దుకుని రిసార్టుకి బయల్దేరారు.

"ఏడాది తిరక్కుండా షికార్లేంటండీ?" అన్నాను. అనవలసింది కాదు. నా నోరే అంత.

ఆయన కొట్టు తాళాలు జేబులో వేసుకుని, "అది మా వారమండి," అన్నారు. మిగతాదంతా తిరిగొచ్చాక చెప్పారు.

పదకొండేళ్ల కిందట రాజమండ్రి షాపింగ్ మాల్లో ఎవరో చీటీ ఇస్తే పేరూ ఫోన్ నంబరూ రాసిచ్చారట. మీకు డిన్నర్ సెట్ తగిలింది, దంపతులిద్దరూ వచ్చి పట్టుకెళ్లండని కబురొచ్చింది. హోటల్లో మూడు గంటలు కూర్చోబెట్టి కొండలూ బీచిలూ తెరమీద చూపించారు. ఇంటికొచ్చేటప్పటికి ఈయన చేతిలో డిన్నర్ సెట్టుతో పాటు, ఏడాదికో వారం చొప్పున పాతికేళ్ల టైమ్‌షేర్ కాగితాలు కూడా ఉన్నాయి. "గిన్నెలమ్ముకునే మనిషి గిన్నెల కోసం వెళ్లి పాతికేళ్లకి సంతకం పెట్టొచ్చారు" అని రాజరాజేశ్వరి గారు బజారంతా చెప్పి నవ్వించారు.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మా బజారులో గిన్నెల బేరమూ ఉండదు. అందుకని ఆషాఢంలోనే వారం తీసుకున్నారు. రిసార్టు నరసాపురానికి ఎదురుగా, గోదావరికి కోనసీమ వైపు గట్టున, కొబ్బరితోటలో ఉంది. అక్కడ మనిషికి పేరుతో పనిలేదు. వీళ్లు రెండు వందల నాలుగు వాళ్లు, పక్కన రెండు వందల ఐదు వాళ్లు. ఆ ఐదు వాళ్లు జంగారెడ్డిగూడెం జీడితోటల రైతు పల్లంరాజు గారు, ఆయన భార్య సూర్యకళ గారు. మొదటి ఏడాది, చీటీ మీద అంకెలు కొట్టే హౌసీ ఆటలో సూర్యకళ గారు ఒక అంకె కొట్టడం మరిచిపోతే, పక్క కుర్చీలోంచి రాజరాజేశ్వరి గారు చెయ్యి చాపి కొట్టారు. ఫుల్ హౌస్ వచ్చింది. గెలిచిన ప్లాస్టిక్ బుట్ట ఎవరు తీసుకోవాలో తేలక, నువ్వంటే నువ్వని తోసుకుంటూ స్నేహితులైపోయారు.

ఆ తర్వాత ప్రతి ఏడూ రెండు కుటుంబాలూ ఒకే వారం, పక్కపక్క గదులు. వదినగారూ, అన్నయ్యగారూ, బావగారూ అని వరసలు కలిపేసుకున్నారు. వాళ్లు పులస చేప పులుసు కలుపుకుంటుంటే రాజరాజేశ్వరి గారు అదే బల్ల దగ్గర పెరుగన్నం ముందేసుకుని, "మీరు కానివ్వండి, నేను గోదారి వైపు చూస్తాను" అనేవారు. తమాషా ఏంటంటే ఒకరి గడప ఒకరు తొక్కలేదు. గది బుక్ చేసేటప్పుడు తప్ప ఫోను కూడా లేదు. "కబుర్లన్నీ ఫోన్లోనే అయిపోతే అక్కడికెళ్లి ఏం చెప్పుకుంటామండీ" అనేది ఆవిడ సిద్ధాంతం.

ఆఖరి రోజు రేవు దగ్గర సాగనంపుకోవడం. సూర్యకళ గారు రాజరాజేశ్వరి గారికి బొట్టుపెట్టి, జాకెట్టు ముక్కా కిలో జీడిపప్పూ చేతిలో పెట్టేవారు. తర్వాత వాళ్ల కారు పంటు ఎక్కేది. కార్లనీ మనుషుల్నీ కలిపి నరసాపురం రేవుకి దాటించే పడవ అది. "వెళ్లొస్తామండీ బావగారూ!" అని పల్లంరాజు గారు నడిగోదారి దాకా కేకేస్తూనే ఉండేవారట.

మాఘమాసంలో రాజరాజేశ్వరి గారికి గుండెనొప్పి వచ్చింది. కాకినాడ ఆసుపత్రిలో రెండు రోజులు ఉండి పోయారు. జనం వచ్చారు, కూర్చున్నారు, లేచి వెళ్లిపోయారు. చావు ఇంటినుంచి వెళ్లేటప్పుడు వెళ్లొస్తామని ఎవరూ అనరు కదా. ఇంటివాళ్లూ గుమ్మం దాకా రారు. ఎప్పుడు లేచారో తెలియనట్టు వెళ్లిపోవాలి. నేనూ అలాగే వచ్చాను. ఆ చప్పుడు లేని వెళ్లడమే ఆయన ప్రాణం తీసిందట. తల ఎత్తితే కుర్చీ ఖాళీగా ఉండేది.

అందుకే ఆ వారం కావాలనుకున్నారు. జంగారెడ్డిగూడెం వాళ్లకి ఏమీ తెలియదు, గది బుక్ చేసేటప్పటి ఫోన్లోనూ ఈయన చెప్పలేదు. గది తలుపు తీయగానే సూర్యకళ గారు ఎదురొచ్చి, "వదినగారేరీ?" అన్నారు. విశాఖపట్నంలో కూతురు దుర్గాశ్రీ దగ్గరుందని ఈయన చెప్పేశారు. "ఎలా ఉన్నారండీ?" అని ఆవిడ అడిగారు. "బాగానే ఉంది. ఆ మోకాళ్ల నొప్పులే."

"ఐదు నెలల్లో ఆవిడ ఎలా ఉందని నన్నెవరూ అడగలేదండి," అన్నారు నాతో. "అక్కడ అడిగారు. మూడు రోజులు అడుగుతూనే ఉన్నారు. నేనూ చెబుతూనే ఉన్నాను."

నాలుగో రోజు పట్టుబడ్డారు. గది బుక్ చేసే ముందు కేలండరు చూడటం ఎప్పుడూ ఆవిడ పని. ఈసారి ఈయన చూడలేదు. బహుళ షష్ఠి, ఆవిడ పోయిన తిథి, ఆ వారంలోనే పడింది. మాసికం మానడానికి లేదు. మగపిల్లలు లేరు గనుక పెట్టవలసినవాడు ఆయనే. తెల్లవారకుండా గోదావరిలో మునిగి, ఊళ్లో కొట్టు తీయించి బియ్యం, పెసరపప్పు, నెయ్యి, అరటికాయలు కొని, ఆకులో పెట్టుకుని, అర్చకుల ఇంటికి గట్టు మీద తడిబట్టలతో వెళుతున్నారు. ఎదురుగా సూర్యకళ గారు, పొద్దుటి నడక. ఏటా ఆ నడక వదినతోనే నడిచేవారు.

ఆవిడ ఆకులో అరటికాయల వంక చూశారు. తడిపంచె వంక చూశారు. మా వైపు మనిషికి ఇంకేం చెప్పాలి? పోయినవాళ్ల పేరున బ్రాహ్మడికిచ్చే స్వయంపాకమది. పక్కకి జరిగి దారిచ్చి, తలొంచుకుని వెళ్లిపోయారు.

ఆ పూట నుంచీ వదినగారు ఎలా ఉన్నారని ఎవరూ అడగలేదు. పల్లంరాజు గారు బల్ల మీదికి చేప రానివ్వలేదు. సాయంత్రం హౌసీకి పిలవలేదు, తామూ వెళ్లలేదు. ముగ్గురూ గట్టు మీద కూర్చుని, కొత్తగా దిగుతున్న ఎర్రనీళ్లు చూస్తూ వానల గురించి మాట్లాడుకున్నారు. వాళ్లకి తెలిసిపోయిందా, తన అనుమానమేనా అని ఈయనకి లోపల పీకుతూనే ఉంది. అడిగితే వారం అక్కడితో అయిపోతుంది. అడగలేదు.

ఆఖరి రోజు రేవుకి వెళ్లారు. సూర్యకళ గారు జీడిపప్పు పొట్లం ఈయన చేతిలో పెట్టారు. వదినగారికిమ్మని జాకెట్టు ముక్క లేదు, కుంకం పొట్లం లేదు. పల్లంరాజు గారు ఈయన భుజం మీద ఒకసారి చెయ్యేసి, వెళ్లి కారెక్కారు. కారు పంటు ఎక్కింది. తాడు విప్పారు. ఎవరూ వెళ్లొస్తామని అనలేదు.

అప్పుడు తెలిసింది ఈయనకి, వాళ్లు పరామర్శ చేసి వెళుతున్నారని. రిసార్టు కూడా చావు ఇల్లయిపోయింది. ఇంకా పద్నాలుగేళ్ల వారాలున్నాయి, ఆవిడ పేరుతో తనని పలకరించే చోటు అదొక్కటే ఉంది, అది కూడా పోతోంది.

అరవై మూడేళ్ల మనిషి, చెప్పులు వదిలేసి మోకాలి లోతు నీళ్లలోకి దిగి అరిచారట. "రాజేశ్వరి పోయింది చెల్లెమ్మా! మాఘంలోనే పోయింది! నేనే అబద్ధం చెప్పాను! బావగారూ, మీరు మాత్రం అలా వెళ్లకండి! వెళ్లొస్తామని చెప్పి వెళ్లండి!"

అంతవరకూ పోయిందన్న మాట ఆయన తన నోటితో ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్లందరికీ దుర్గాశ్రీయే చెప్పింది.

రేవులో జనం ఆగి చూశారు. పంటు మీద కారు తలుపు తెరుచుకుంది. సూర్యకళ గారు కడ్డీ పట్టుకుని ఏడుస్తున్నారు. పల్లంరాజు గారు ఆవిడ పక్కకి వచ్చి నిలబడ్డారు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి కేకేశారు.

"వెళ్లొస్తామండీ బావగారూ! వచ్చే ఆషాఢానికి మళ్లీ వస్తాం!"

పంటు నరసాపురం రేవుకి తగిలేదాకా అంటూనే ఉన్నారట. ఈయన వినబడనంత దూరమైనా నీళ్లలోనే నిలబడి, "వెళ్లిరండి" అంటూ ఉన్నారు.